మొదటి ఏడాది స్పోర్ట్స్ కారు కొనొచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం సరిహద్దు దాటిన ఊళ్ళ నుంచే వచ్చాయి. బరంపురం, రాయగడ, పర్లాకిమిడి, జయపురం, అటు చూస్తే బల్లార్షా. అందరి గొడవా ఇంచుమించు ఒకటే, పాత స్పోర్ట్స్ కారు. మొదటి ఉత్తరానికి జవాబు బాగా పొడుగైంది, మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు, అందులో మీకు పనికొచ్చేవి కూడా ఉన్నాయి.

ప్రశ్న: సార్, మాది బరంపురం, పట్టుచీరల వ్యాపారం. టాపు తెరుచుకునే రెండు సీట్ల కారు మీద చిన్నప్పటి నుంచీ మోజు. పిల్లల చదువులు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు ఇంట్లో అడ్డు చెప్పేవాళ్ళు కూడా లేరు. ఢిల్లీలో ఒక బ్రోకర్ దగ్గర బీఎండబ్ల్యూ జెడ్4 ఉంది. ఎస్‌డ్రైవ్ 35ఐ, తయారీ 2009, రిజిస్ట్రేషన్ 2010, మీటరు 58 వేల కిలోమీటర్లు చూపిస్తోంది, 14 లక్షలు చెబుతున్నాడు. ఫొటోల్లో అయితే కొత్తదానిలా ఉంది. మా మేనల్లుడు మాత్రం 'మావయ్యా, అది ఆ మోడల్ వచ్చిన మొదటి ఏడాది బండి, తెలిసినవాడెవడూ మొదటి ఏడాది బండి కొనడు' అని ఒకటే పోరు. అడ్వాన్సు వేయమని బ్రోకర్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ అడ్వాన్సు వేయకండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీ మేనల్లుడు చెప్పింది సగం నిజం. కొత్త మోడల్ వచ్చిన మొదటి ఏడాది, కంపెనీ పరీక్షల్లో దొరకని లోపాలు కొన్నవాళ్ళ చేతిలో బయటపడతాయి. స్పోర్ట్స్ కార్లలో ఇది ఇంకాస్త ఎక్కువ, వాటిని కొనేవాళ్ళు మెల్లగా నడపరు కదా. ఆడి టీటీ 1998లో యూరప్‌లో వచ్చినప్పుడు దాని రూపం చూసి జనం ఎగబడ్డారు, తీరా జర్మనీ హైవేల మీద బాగా వేగంలో ఉండగా బండి అదుపు తప్పి ప్రమాదాలు జరిగాయి, ప్రాణాలు కూడా పోయాయి. అప్పుడు కంపెనీ అమ్మేసిన బండ్లను వెనక్కి పిలిచి సస్పెన్షన్ సరిచేసి, వెనక చిన్న స్పాయిలర్ పెట్టి, బండి జారకుండా చూసే ఈఎస్‌పీ అమర్చింది. మజ్దా ఎంఎక్స్-5 అని 1989లో వచ్చిన రెండు సీట్ల కారు ఉంది, మన దేశంలో అమ్మలేదుగానీ ప్రపంచమంతా మెచ్చుకున్నది. దాని తొలి 1.6 లీటర్ ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) ముందు కొస పొట్టిగా, బోల్టు సన్నగా ఉండేవి. బోల్టు ఏమాత్రం వదులైనా లోపలి గాడి అరిగిపోయి పుల్లీ ఊగేది, టైమింగ్ తప్పేది, బండి లాగేది కాదు. 1991లో కంపెనీ ఆ కొసను మార్చింది. ఇప్పటికీ అక్కడ పాత ఎంఎక్స్-5 కొనేవాళ్ళు బానెట్ ఎత్తి క్రాంక్ పుల్లీకి ఎన్ని గాళ్ళున్నాయో లెక్కపెడతారు. నాలుగుంటే పాత రకం, ఎనిమిదుంటే మార్చిన రకం.

ఇక రెండో సగం, మీ మేనల్లుడు చెప్పనిది. 2014లో పోర్షె 911 జీటీ3 కొత్త తరం వచ్చిన కొత్తలో రెండు బండ్లు తగలబడ్డాయి. ఇంజన్ లోపల కనెక్టింగ్ రాడ్ బోల్టు వదులవుతోందని తేలింది. కంపెనీ ఏం చేసిందంటే అప్పటిదాకా తయారైన 785 కార్లకీ ఇంజన్లే మార్చేసింది. మరి ఆ మొదటి ఏడాది బండి ఇవాళ కొంటే భయపడాలా? దానిలో ఉన్నది లోపం దిద్దిన ఇంజన్. పోర్షె బాక్‌స్టర్‌లో అయితే కథ తలకిందులు. 1996 చివర్లో మొదలైన తొలి బండ్లలో ఇంజన్ లోపల ఉండే ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసుకి రెండు వరుసల బేరింగ్ ఉండేది, 2000 ప్రాంతంలో దాన్ని ఒక వరుసకి తగ్గించారు, ఆ ఒంటి వరుస బేరింగే ఎక్కువగా విరిగి ఇంజన్లు పాడుచేసింది. అమెరికాలో కోర్టు దాకా వెళ్ళినవి 2001 నుంచి 2005 దాకా వచ్చిన బండ్లే. అంటే ఆ ఒక్క విషయంలో మొదటి ఏడాది కొన్నవాడే సుఖపడ్డాడు.

కాబట్టి మొదటి ఏడాది అనగానే పారిపోనక్కర్లేదు. ఆ ఏడాది నిజంగా కొత్తగా వచ్చిన భాగం ఏది, దానిలో ఏ లోపం బయటపడింది, ఈ బండిలో దాన్ని మార్చినట్టు బిల్లు ఉందా, ఈ మూడూ అడగాలి.

మీ జెడ్4కే వద్దాం. ఈ తరం 2009లో జర్మనీలోని రెగెన్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో మొదలై 2016 దాకా తయారైంది, కాబట్టి మీది మొదటి ఏడాది బండే, అనుమానం లేదు. కానీ దాని ఇంజన్ మొదటి ఏడాదిది కాదు. ఎన్54 అనే ఆ ఆరు సిలిండర్ల, రెండు టర్బోల, 2979 సీసీ ఇంజన్ 2006లోనే బీఎండబ్ల్యూ 335ఐ కూపేలో వచ్చింది, 2007లోనూ 2008లోనూ ఇంటర్నేషనల్ ఇంజన్ ఆఫ్ ది ఇయర్ అవార్డు కొట్టింది. ఏడు గేర్ల డబుల్ క్లచ్ గేర్‌బాక్సు కూడా అంతకుముందు అదే కంపెనీ ఎం3 కారులో చూసిన కుటుంబంలోదే. 2009లో నిజంగా కొత్తది టాపు. అంతకుముందు జెడ్4కి గుడ్డ టాపు ఉండేది, దీనికి రెండు ముక్కల అల్యూమినియం టాపు పెట్టారు, మీట నొక్కితే 20 సెకన్లలో మడుచుకుని డిక్కీలో కూర్చుంటుంది.

అందుకని టాపుని మొహమాటం లేకుండా పరీక్షించండి. ఇంజన్ ఆన్‌లో పెట్టి, పట్టపగలు ఎండలో, నాలుగైదు సార్లు తెరిచి మూయించండి. ఒకసారి తెరిచి చూపించి 'చూశారుగా సార్' అంటే ఒప్పుకోవద్దు. హైడ్రాలిక్ పంపు వేడెక్కాకే అసలు రంగు బయటపడుతుంది. డిక్కీలో సామాను కోసం ఒక అడ్డు తెర ఉంటుంది, అది దాని చోట లేకపోతే టాపు తెరుచుకోదు. ఇది బ్రోకర్లకి బాగా తెలుసు. టాపు కదలకపోతే 'తెర సరిగ్గా లేదు సార్, అంతే' అంటారు. తెర మీరే మీ చేత్తో సరిగ్గా బిగించి మళ్ళీ నొక్కండి, అప్పుడూ కదలకపోతే సెన్సరో వైరింగో పోయింది, ఆ రిపేరు చిన్న ఊళ్ళో అయ్యే పని కాదు. తర్వాత డిక్కీ కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి, చెమ్మ తగిలినా బూజు వాసన వచ్చినా నీళ్ళు దిగుతున్నట్టే.

ఇంజన్ మొదటి ఏడాదిది కాదన్నానుగానీ దానికి లోపాలు లేవనలేదు. అన్నిటికన్నా పేరుమోసింది హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్లోకి కొట్టే ఇంజన్ ఇది, ఆ పంపు పోతే సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా స్టార్ట్ కాదు, ఒకవేళ స్టార్ట్ అయినా రోడ్డు మధ్యలో పవర్ పడిపోతుంది. 2010లో బీఎండబ్ల్యూ అమెరికాలో ఈ ఇంజన్ ఉన్న బండ్లను ఆ పంపు కోసమే వెనక్కి పిలిచింది, వాటిలో 2009, 2010 జెడ్4లు కూడా ఉన్నాయి. మీ బండిలో పంపు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. 'ఒరిజినల్ పంపే, ఎప్పుడూ ముట్టుకోలేదు' అని గొప్పగా చెబితే అది గొప్ప కాదు, ఖర్చు మీ కోసం దాచిపెట్టారని అర్థం.

బండి చూడ్డానికి వెళ్ళేది పొద్దున్నే వెళ్ళండి, వస్తున్నానని ముందు చెప్పినా 'స్టార్ట్ చేయొద్దు' అని గట్టిగా చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించండి. వెచ్చగా ఉంటే ముందే తిప్పి వేడి చేశారు, టీ తాగి రెండు మూడు గంటలు ఆగండి, లేదా మర్నాడు రండి. చల్లటి ఇంజన్ ఎంతసేపు సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయింది, వెనక నీలం పొగ వచ్చిందా, రేసు ఇచ్చి వదిలినప్పుడు డబ్బా కదిలినట్టు గలగలా శబ్దం వచ్చిందా, ఇవి చూడాలి. ఆ గలగల టర్బో వేస్ట్‌గేట్లది, అంటే టర్బోకి వెళ్ళే పొగని పక్కకి మళ్ళించే చిన్న తలుపులది. ఆయిల్ చూసుకునే కమ్మీ ఈ ఇంజన్‌కి లేదు, ఆయిల్ మట్టం లోపల స్క్రీన్ మీదే చూడాలి, కాబట్టి మెకానిక్ 'కమ్మీ తీసి చూశా' అన్నాడంటే బానెట్ కూడా ఎత్తలేదన్నమాట. ఆయిల్ ఫిల్టర్ బిగించే హౌసింగ్ గేస్కెట్ కారుతుంది, కారిన ఆయిల్ కింద బెల్టు మీద పడుతుంది, బెల్టు చీలికలై లోపలికి లాగుకుపోయిన ఇంజన్లు ఉన్నాయి. టార్చి వేసి ఆ మూల తడి ఉందేమో చూడండి. వాటర్ పంపు కరెంటుతో నడిచేది, పోయేముందు ఎక్కువ హెచ్చరికలివ్వదు. ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది, దాన్ని అక్రోటు పెంకుల పొడి గాలితో కొట్టి శుభ్రం చేస్తారు, వినడానికి వింతగా ఉన్నా అదే సరైన పద్ధతి. స్కానర్ పెట్టించి కోడ్లు చూడండి. ఒక్క కోడ్ కూడా లేకుండా, లోపలి స్వీయ పరీక్షలన్నీ 'పూర్తి కాలేదు' అని చూపిస్తే నిన్ననో మొన్ననో చెరిపేశారని గ్రహించండి.

58 వేల కిలోమీటర్ల గురించి ఒక మాట. 15 ఏళ్ళలో 58 వేలంటే ఏడాదికి నాలుగు వేలు కూడా లేదు. స్పోర్ట్స్ కారుకి ఇది అసాధ్యం కాదు, ఆదివారాలు తీసే బండ్లు ఉంటాయి. కానీ నాకది అంత సంతోషించే విషయంలా కనపడదు, నిలబెట్టిన బండిలో రబ్బరు ఎండిపోతుంది, సీళ్ళు గట్టిపడతాయి. మీటరు వెనక్కి తిప్పారేమో తెలియాలంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో తాళం చదివించండి, ఈ బండి తాళంలో కూడా కిలోమీటర్లు నమోదవుతాయి, మీటరు తిప్పినవాడు చాలాసార్లు తాళాన్ని మర్చిపోతాడు. టైర్ల పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లూ నాలుగు తేదీలైతే ఎందుకని అడగండి. ఇవి గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు, డిక్కీలో స్టెప్నీ ఉండదు, బరంపురంలో ఆ సైజు టైరు అప్పటికప్పుడు దొరకదు కాబట్టి కొత్త సెట్టు ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ బండి 14 లక్షలకి ఎందుకొస్తోందో బ్రోకర్ చెప్పడు. 2010లో రిజిస్ట్రేషన్ అంటే 15 ఏళ్ళు 2025తో నిండిపోయాయి. ఢిల్లీలో 15 ఏళ్ళు దాటిన పెట్రోల్ కార్ల మీద ఏళ్ళ తరబడి ఆంక్షలు, కోర్టు కేసులు, ఎప్పుడేం మారుతుందో తెలియని పరిస్థితి, అందుకే అక్కడివాళ్ళు వదిలించుకుంటున్నారు. ఆ తలనొప్పి ధరలోంచి తగ్గించి మీకు అమ్ముతున్నారు. అది తప్పేమీ కాదు, మీకు తెలిసి కొంటే.

మొదట అడగాల్సింది ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం, ఫారం 28. అది ఢిల్లీ ఆర్టీవో నుంచి, ఒడిశాలో మీ ఆర్టీవో పేరు మీద, అమ్మేవాడి చేతికొచ్చాకే డబ్బు గురించి మాట్లాడండి. 'మీరు పే చేయండి, వారంలో ఎన్‌ఓసీ పంపిస్తా' అన్నమాట ఎన్ని ఇళ్ళల్లో కారుని పెరట్లో మొలిచిన షెడ్డు కింద శాశ్వతంగా కూర్చోబెట్టిందో. అమ్మకానికి ఫారం 29, 30, లోను ఉండి తీరిపోతే ఫారం 35, ఇక్కడ కొత్త నంబరుకి ఫారం 27. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని తిరిగే బ్రోకర్లు ఉంటారు, ఆర్సీలో పేరున్న మనిషిని ఒక్కసారైనా వీడియో కాల్లో చూసి, ఆధార్ పేరుతో సరిపోల్చుకోండి. ఒడిశాలో రోడ్ టాక్స్ మళ్ళీ కట్టాలి, ఎంతన్నది ఛాసిస్ నంబరిచ్చి మీ ఆర్టీవో ఆఫీసులో ముందే అడిగి రాయించుకోండి, నోటిమాట నమ్మకండి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి మామూలు కారైతే 5,000, దిగుమతి కారైతే 40,000 ఫీజు పెట్టారు. మీది జర్మనీలో తయారై వచ్చింది. 2025లో 20 ఏళ్ళు దాటినవాటికి దాన్ని మళ్ళీ రెట్టింపు చేశారు. రెన్యువల్ ఒక్కోసారి అయిదేళ్ళకే, కాబట్టి 2030లో ఈ సంగతి మళ్ళీ వస్తుంది. ఆర్సీ గడువు తీరిన బండిని ఢిల్లీ నుంచి నడుపుకుంటూ రావాలనే సరదా ఉంటే మానుకోండి, దారిలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాడు చేతులెత్తేస్తాడు. కార్లు మోసే లారీ మీద వేయించుకోండి.

మీ ఊరి సంగతి కూడా చెప్పాలి. గోపాలపురం సముద్రం మీకు పక్కనే. ఉప్పుగాలికి అల్యూమినియం టాపు తుప్పు పట్టదుగానీ దాని కింద ఉన్న కనెక్టర్లు, బోల్టులు పాడవుతాయి, కవరు కప్పి బయట పెట్టడం కన్నా గాలి ఆడే షెడ్డులో పెట్టడం మేలు. పెట్రోల్ ఇంకో బెడద. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, 2009 బండి దానికోసం చేసింది కాదు. వారాల తరబడి నిలబెట్టే బండిలో అది తేమని లాక్కుంటుంది, మనం మాట్లాడుకున్న ఆ ఫ్యూయల్ పంపుకే ముందు దెబ్బ. ఇథనాల్ లేని ఖరీదైన పెట్రోల్ పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లో దొరుకుతుంది. భువనేశ్వర్ మీకు 170 కిలోమీటర్లు, విశాఖ అంతకన్నా దూరం, అటు వెళ్ళినప్పుడల్లా పోయించుకోవచ్చుగానీ రోజువారీ అయ్యే పని కాదు. అందుకని ట్యాంకు సగం పైన ఉంచి, వారానికోసారైనా బండి బాగా వేడెక్కేదాకా తిప్పండి. ఇచ్ఛాపురం దాకా హైవే మీద వెళ్ళొస్తే చాలు, పొద్దున ఆరింటికి ఆ రోడ్డు మీద టాపు తీసి వెళ్తే మీ మేనల్లుడే తాళాలడుగుతాడు.

నా లెక్కలో ఆ ధర ఎక్కువ. ఫ్యూయల్ పంపు, వాటర్ పంపు మార్చిన బిల్లులుండి, టాపు పైన చెప్పినట్టు పనిచేసి, ఎన్‌ఓసీ చేతిలో ఉంటే, పది దగ్గర బేరం మొదలుపెట్టండి. కారు ధరలో మూడో వంతు మొదటి ఏడాది రిపేర్లకి పక్కన పెట్టలేకపోతే అసలు వద్దు. హైదరాబాద్, బెంగళూరుల్లో 2012 తర్వాతి బండి ఒకటి దొరికితే ధర ఎక్కువైనా ఆర్సీకి ఇంకా కొంత గడువుంటుంది, నేనైతే అదే వెతుక్కుంటాను.

ప్రశ్న: అన్నా, నాది రాయగడ, పేపర్ మిల్లులో ఉద్యోగం. మూడు లక్షలకి 2013 పోలో జీటీ టీఎస్ఐ వస్తోంది. ఇది కూడా మొదటి ఏడాదే. స్పోర్ట్స్ కారు కాదని ఫ్రెండ్స్ ఏడిపిస్తున్నారు, అది వేరే సంగతి. నెలకి రెండుసార్లు కోరాపుట్ ఘాట్ ఎక్కాలి, దాని డీఎస్‌జీ అనే ఆటోమాటిక్ గేర్‌బాక్స్ పోతుందని అందరూ భయపెడుతున్నారు. కొనొచ్చా?

జవాబు: తమ్ముడూ, ఫ్రెండ్స్ సంగతి వదిలెయ్, ఘాట్‌లో ఆ 1.2 టర్బో లాగే తీరు చూశాక వాళ్ళే ఎక్కుతారు. 2013 ఏప్రిల్‌లో వచ్చింది అది, 105 పీఎస్, ఏడు గేర్ల డీఎస్‌జీ. భయం మాత్రం ఊరికే పుట్టలేదు. ఆ గేర్‌బాక్సులో రెండు క్లచ్‌లూ పొడి క్లచ్‌లు, ఆయిల్లో మునిగి ఉండవు, కాబట్టి ఎత్తు మీద లారీ వెనక అంగుళం అంగుళం జరుపుతూ పోతే బాగా వేడెక్కుతాయి. 2013 నవంబర్లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల బండ్లను ఇదే గేర్‌బాక్స్ కోసం వెనక్కి పిలిచింది, లోపలి సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోయడానికి. నువ్వు చూసే బండికి అది జరిగిందా అని ఛాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్‌లో అడుగు. ఆ గేర్‌బాక్సుని నడిపించే మెకట్రానిక్ యూనిట్ మార్చి ఉంటే ఆ బిల్లు బంగారం.

నడిపి చూసేటప్పుడు చదును రోడ్డు మీద కాదు, ఎత్తులో ఆపి మళ్ళీ కదిలించు. వణికితే, రెండో గేరుకి మారేటప్పుడు దెబ్బ తగిలినట్టు అనిపిస్తే వదిలెయ్. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ముందు రెండు మూడు సెకన్లు చైను కొట్టుకున్న శబ్దం వస్తోందా విను, తొలి 1.2 టీఎస్ఐలలో టైమింగ్ చైను సాగే జబ్బు ఉంది. కొన్నాక ఘాట్‌లో మాన్యువల్ మోడ్‌లో పెట్టి గేరు నువ్వే ఎంచుకో, ముందు లారీకి కాస్త దూరం వదిలి ఒక్కసారిగా కదులు, బ్రేకు బదులు యాక్సిలరేటర్‌తో బండిని ఎత్తు మీద నిలబెట్టే అలవాటుంటే ఇప్పుడే మానుకో. మూడు లక్షలు సరైన ధరే, గేర్‌బాక్స్ కోసం ఇంకో లక్ష దగ్గర ఉంటే తీసుకో.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. రిటైర్డ్ హెడ్మాస్టర్ని. మొదటి ఏడాది స్పోర్ట్స్ కార్లకి ముందు ముందు విలువ పెరుగుతుందంటారు కదా, ఇప్పుడొకటి కొని షెడ్డులో పెడితే మనవడికి ఆస్తి అవుతుందా?

జవాబు: మాస్టారూ, పెరిగిన బండ్లు ఉన్నాయి, అవి వేరే జాతి. 1953లో వచ్చిన మొదటి కొర్వెట్ ఆ ఏడాది మొత్తం 300 మాత్రమే చేశారు, అన్నీ తెల్లవే, ఆరు సిలిండర్లు, రెండు గేర్ల ఆటోమాటిక్. నడపడానికి ఏమంత గొప్పది కాదు, అయినా కోట్లు పలుకుతుంది. 1961 జాగ్వార్ ఈ-టైప్‌లో తొలి అయిదొందల బండ్లకి బానెట్ తాళాలు బయట ఉండేవి, కాలు పెట్టేచోట గుంట లేకుండా చదునుగా ఉండేది, పొడుగు మనుషులకి ఇబ్బంది. ఆ ఇబ్బంది పెట్టిన గుర్తులకే ఇప్పుడు సేకరించేవాళ్ళు ఎక్కువిస్తారు. తక్కువ తయారవడం, పేరు రావడం, వాటిలో చాలా భాగం నాశనమవడం, ఈ మూడూ కలిస్తేనే అలా అవుతుంది. మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటితేనే వింటేజ్, దానికి నంబర్లో వీఏ అని వస్తుంది. మీరు 2010 నాటి బండి ఇవాళ కొంటే 2060 దాకా ఆగాలి, ఈలోపు రెన్యువల్ ఫీజులు, ఇన్సూరెన్స్, ఎలకలు కొరికిన వైరింగు. మనవడికి ఇవ్వాలనుకుంటే ఆ డబ్బుకి పర్లాకిమిడిలోనే ఇంటి స్థలం చూడండి.

ప్రశ్న: నేను జయపురంలో టీచర్ని. అబార్త్ పుంటో 2015 ఒకటి చూశాను, ఒకే ఓనరు, సర్వీస్ రికార్డంతా ఉంది. అయిదు లక్షలు. ఫియట్ కంపెనీయే ఇక్కడ లేదు, తీసుకుంటే తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా, ఈ నెల ఉత్తరాల్లో నాకు నచ్చిన బండి మీదే. 2015 అక్టోబర్లో 9.95 లక్షలకి వచ్చింది, 1.4 లీటర్ టర్బో, 145 హార్స్‌పవర్, మామూలు గేర్లు, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. రెండు మూడేళ్ళు మాత్రమే అమ్మారు, మధ్యలో పెద్ద మార్పులేవీ లేవు, కాబట్టి మొదటి ఏడాదా చివరి ఏడాదా అన్న ప్రశ్నే దీనికి వర్తించదు. ఇంజన్ యూరప్‌లో ఏళ్ళ తరబడి వాడినది, గట్టిది. టైమింగ్ బెల్టు మాత్రం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కాకుండా ఎన్నేళ్ళయిందని చూసి మార్పించండి, కొన్న వారంలోనే.

స్పేర్ పార్టుల్లో సర్వీస్ సామాను ఇబ్బంది లేకుండా వస్తుంది, పుణె, ముంబైల నుంచి కొరియర్లో తెప్పించే షాపులున్నాయి. దొరకనివి బంపర్లు, లైట్లు, అద్దాలు. అందుకని కొనేముందు హెడ్‌లైట్లు పగిలి అతికించినవి కావని చూసుకోండి, జయపురం బజార్లో ఆటోలు గీకే చోట పెట్టకండి. సస్పెన్షన్ గట్టిగా ఉంటుంది, సాలూరు ఘాట్ మలుపుల్లో ఆనందమేగానీ గుంటల రోడ్డు మీద నడుము పట్టేస్తుంది. వెనక సీట్లో మీ అత్తగార్ని కూర్చోబెట్టి ఒకసారి తిప్పి చూశాకే డబ్బివ్వండి.

ప్రశ్న: మాది బల్లార్షా, సొంత కిరాణా. మంచిర్యాలలో మా బావ దగ్గర 2017 ఆక్టేవియా ఆర్ఎస్ కొన్నాను, తెలంగాణ నంబరు. 12 నెలల దాకా వేరే రాష్ట్రం నంబరుతో తిరగొచ్చని చెప్పాడు. నిజమేనా? అన్ని రాష్ట్రాల్లో చెల్లే బీహెచ్ నంబరు తీసుకోవచ్చా?

జవాబు: 12 నెలలన్నది నిజమే, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. కానీ అది సొంత బండి తెచ్చుకుని వేరే రాష్ట్రంలో ఉంటున్నవాడికి. మీరు కొన్నారు కదా, పేరు మార్పు గడువు వేరు, అది 50వ సెక్షన్, కొన్నవాడు 30 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. బావ పేరు మీదే ఉంచి తిరిగితే రేపు ప్రమాదం జరిగితే నోటీసు బావకి వస్తుంది, గొడవ అక్కకి వస్తుంది. ముందు మంచిర్యాల ఆర్టీవో నుంచి చంద్రపూర్ పేరుతో ఎన్‌ఓసీ తీసుకుని ఎంహెచ్-34 నంబరు వేయించుకోండి. తెలంగాణలో కట్టిన లైఫ్ టాక్స్‌లో మిగిలిన కాలానికి తిరిగి ఇమ్మని బావ చేత దరఖాస్తు పెట్టించండి, దానికి మహారాష్ట్రలో టాక్స్ కట్టిన రసీదు, కొత్త ఆర్సీ కాపీ కావాలి. బీహెచ్ నంబరు ప్రభుత్వ ఉద్యోగులకి, నాలుగు అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకి మాత్రమే, మీది సొంత కిరాణా అన్నారు కాబట్టి కుదరదు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోవాలి, బావకున్న నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా డబ్బు ఇప్పుడే కట్టేయండి.